ప్యాకేజీ సృష్టించే సిస్టమ్ ఖాతా: ఎప్పుడు పుట్టాలి, ఎందుకు పోకూడదు

మీ ప్రశ్న సారాంశం ఇది. పావురం అనే సర్వీసుకు ఆర్‌పీఎం (రెడ్‌హ్యాట్, ఫెడోరా రకం), డెబ్ (డెబియన్ రకం) ప్యాకేజీలు రెండూ తయారుచేస్తున్నారు. ఇన్‌స్టాల్ అయ్యాక నడిచే స్క్రిప్టులో యూజర్‌యాడ్ (ఖాతా పుట్టించే కమాండ్), తీసేశాక నడిచే స్క్రిప్టులో యూజర్‌డెల్ (ఖాతా తొలగించేది) పెట్టారు. కొత్త మెషీన్‌లో డేటా డైరెక్టరీ రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) పేరిట పడుతోంది. అప్‌గ్రేడ్ తర్వాత ఒక్కోసారి యూజరే కనపడటం లేదు. ప్యాకేజీ తీసేసి కొన్నాళ్లకు మళ్లీ ఎక్కిస్తే పాత డేటా ఇంకో సర్వీసు సొత్తుగా చూపిస్తోంది.

చూడటానికి మూడు జబ్బులు, మూలం మాత్రం ఒక్కటే. ఖాతాను కూడా ప్యాకేజీలోని ఒక ఫైలులాగే చూస్తున్నారు: వచ్చేటప్పుడు తెచ్చి, పోయేటప్పుడు పట్టుకెళ్లేదని. ఖాతా ప్యాకేజీది కాదు, మెషీన్‌ది. ప్యాకేజీ దాన్ని అడిగి పుట్టించుకుంటుంది, అంతే.

కమాండ్లను, పాత్‌లను ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను. షెల్‌లో మామూలు స్పెల్లింగ్‌తోనే కొట్టండి.

కెర్నెల్‌కు పేర్లు తెలియవు. ఫైలు ఐనోడ్‌లో (డిస్కు మీద ఫైలు వివరాలు దాచే చోటు) ఉండేవి యజమాని నంబరు, గ్రూపు నంబరు మాత్రమే. ఎల్ఎస్ కొట్టినప్పుడు కనిపించే పేరు, ఆ క్షణాన /ఈటీసీ/పాస్‌వడ్‌లో ఆ నంబరు ఎవరికి ఉందో చూసి వేసిన చీటీ. పావురం నంబరు 994 అనుకుందాం. ఖాతాను తొలగించినా డిస్కు మీద 994 అలాగే ఉంటుంది. తర్వాత వచ్చిన వేరే సర్వీసుకు 994 దక్కితే పావురం డేటా మొత్తం దాని చేతికి పోతుంది. ఎవరూ చౌన్ (యజమానిని మార్చే కమాండ్) కొట్టలేదు, ఎవరూ హ్యాక్ చేయలేదు, అయినా యజమాని మారిపోయాడు. మీ మూడో సమస్య ఇదే. ఆ డైరెక్టరీలో పాస్‌వర్డులో, సర్టిఫికెట్ ప్రైవేట్ కీలో ఉంటే అది భద్రతా లోపం కూడా.

నంబర్ల పంపకం ఒక్కో డిస్ట్రోలో ఒక్కోలా ఉంటుంది. డెబియన్‌లో 0 నుంచి 99 వరకు డిస్ట్రో తానే శాశ్వతంగా కేటాయించినవి, 100 నుంచి 999 వరకు ప్యాకేజీలు ఇన్‌స్టాల్ సమయంలో తీసుకునేవి, 1000 నుంచి 59999 వరకు మనుషులవి. ఫెడోరా, రెడ్‌హ్యాట్ వైపు 0 నుంచి 200 వరకు శాశ్వతం, 201 నుంచి 999 వరకు అప్పటికప్పుడు ఇచ్చేవి. పాత రెడ్‌హ్యాట్ 6లో మనుషుల ఖాతాలు 500 నుంచే మొదలయ్యేవి కాబట్టి అక్కడి నుంచి తెచ్చిన డిస్కులను కొత్త మెషీన్‌కు తగిలిస్తే మనుషుల నంబర్లు, సర్వీసుల నంబర్లు ఢీకొంటాయి. 65534 నోబడీది. దాన్ని మీ సర్వీసుకు వాడకండి. నోబడీగా నడిచే రెండు సర్వీసులు ఒకదానికొకటి సిగ్నళ్లు పంపుకోగలవు, ఒకదాని ఫైళ్లు ఇంకొకటి రాయగలదు. వేరుగా ఉంచాలన్న ఉద్దేశమే దెబ్బతింటుంది.

ఖాళీ నంబరును వెతికే తీరు కూడా తెలిసి ఉండాలి. యూజర్‌యాడ్‌కు చిన్న ఆర్ ఆప్షన్ ఇస్తే 999 వైపు నుంచి కిందికి దిగుతుంది. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ వారి సిస్‌యూజర్స్ (ఖాతాలు పుట్టించే సాధనం) కూడా అంతే. డెబియన్ యాడ్‌యూజర్ మాత్రం 100 నుంచి పైకి ఎక్కుతుంది. కాబట్టి అవే ప్యాకేజీలు వేరే వరుసలో ఎక్కించిన రెండు మెషీన్లలో ఒకే పేరుకు వేర్వేరు నంబర్లు రావడం తప్పు కాదు, సహజం. పైగా చివరగా ఇచ్చిన ఖాతాను తొలగిస్తే తర్వాత వచ్చేవాడికి అదే నంబరు దక్కే అవకాశం ఎక్కువ. ప్యాకేజీ తీసేసి వెంటనే ఇంకోటి ఎక్కించడం అందరూ చేసే పనే కదా.

ఇక మొదటి సమస్య. ఆర్‌పీఎంలో పనుల వరుస ఇలా ఉంటుంది: కొత్త ప్యాకేజీ ప్రీ స్క్రిప్టు, తర్వాత ఫైళ్లు విప్పడం, తర్వాత కొత్త ప్యాకేజీ పోస్ట్ స్క్రిప్టు, ఆ తర్వాత పాత ప్యాకేజీ ప్రీఅన్, పాత ఫైళ్ల తొలగింపు, చివరగా పాత ప్యాకేజీ పోస్ట్‌అన్. స్పెక్ ఫైలులో (ప్యాకేజీ ఎలా కట్టాలో చెప్పేది) డేటా డైరెక్టరీ యజమాని పావురం అని రాసినా, ఫైళ్లు విప్పే సమయానికి ఆ యూజర్ లేకపోతే ఆర్‌పీఎం ఆగదు. ఫలానా యూజర్ లేడు, రూట్ వాడుతున్నాను అని ఒక హెచ్చరిక వేసి ముందుకు పోతుంది. సెట్‌యూఐడీ బిట్ (ప్రోగ్రామును ఎవరు నడిపినా యజమాని హక్కులతో నడిపే గుర్తు) ఉంటే దాన్ని కూడా తీసేస్తుంది, అది మంచిదే. ఆటోమేషన్‌లో ఆ హెచ్చరిక లాగ్‌లో ఎక్కడో కలిసిపోతుంది. మీరు యూజర్‌ను పోస్ట్‌లో పుట్టిస్తున్నారు, అంటే ఫైళ్లు పడిపోయాక. ఇప్పటికే యూజర్ ఉన్న మెషీన్‌లో అంతా సవ్యంగా కనిపిస్తుంది. టెస్టింగ్‌లో దొరక్కపోవడానికి కారణం అదే.

దీనికి పరిష్కారం ప్రీ స్క్రిప్టు. అందులో మూడు వరుసలు చాలు:

గెట్‌ఎంట్ గ్రూప్ పావురం || గ్రూప్‌యాడ్ -ఆర్ పావురం
గెట్‌ఎంట్ పాస్‌వడ్ పావురం || యూజర్‌యాడ్ -ఆర్ -జి పావురం -డి /వార్/లిబ్/పావురం -ఎస్ /ఎస్‌బిన్/నోలాగిన్ పావురం
ఎగ్జిట్ 0

ఇక్కడ జి చిన్నది, ప్రధాన గ్రూపు చెప్పేది. గెట్‌ఎంట్ ఆ పేరు ఉందో లేదో చూస్తుంది, దాని అవుట్‌పుట్‌ను డెవ్ నల్‌కు పంపండి. యూజర్‌యాడ్‌ను ఇచ్చే షాడో యుటిల్స్ ప్యాకేజీ ప్రీ దశకే ఉండాలని డిపెండెన్సీ రాయండి. మామూలు రిక్వైర్స్ రాస్తే ఒకే ట్రాన్సాక్షన్‌లో కొత్త సిస్టమ్ కట్టేటప్పుడు యూజర్‌యాడ్ రాకముందే మీ స్క్రిప్టు నడవవచ్చు. యూజర్‌యాడ్‌కు చిన్న ఆర్ ఇస్తే హోమ్ డైరెక్టరీ సృష్టించదు, ఎం ఆప్షన్ వేరుగా అడగాలి. మీరు అడగకండి, డైరెక్టరీని ప్యాకేజీ ఫైళ్ల జాబితాలోనే పెట్టి యజమానిని, పర్మిషన్‌ను అక్కడే చెప్పండి. యూజర్‌యాడ్ సృష్టిస్తే మామూలు స్కెలిటన్ ఫైళ్లన్నీ అందులోకి వచ్చి పడతాయి.

చివరి ఎగ్జిట్ 0 గురించి రెండు అభిప్రాయాలున్నాయి. ప్రీ స్క్రిప్టు విఫలమైతే ఆ ప్యాకేజీ ఇన్‌స్టాలే కాదు. పోస్ట్ విఫలమైతే హెచ్చరిక మాత్రమే వస్తుంది. ఎగ్జిట్ 0 పెడితే ఖాతా పుట్టకపోయినా ఇన్‌స్టాల్ నడిచిపోతుంది, మళ్లీ రూట్ పేరిట ఫైళ్లు పడతాయి. ఫెడోరా పాత మార్గదర్శకాలు ఎగ్జిట్ 0తోనే ఉండేవి, ఒక ట్రాన్సాక్షన్ మధ్యలో విరగడం కన్నా అది నయమని. సొంత ప్యాకేజీకి మాత్రం ఆ వరుస తీసేయమంటాను. సర్వీసు నడవని మెషీన్ కన్నా ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిన మెషీన్‌ను సరిచేయడం తేలిక.

ఇప్పటికే రూట్ పేరిట పడినవాటికి ఆర్‌పీఎం పెద్ద వి ఆప్షన్‌తో ప్యాకేజీని సరిచూడండి. యజమాని తేడా ఉంటే వరుసలో యు, గ్రూపు తేడా ఉంటే జి కనిపిస్తాయి. ఖాతా పుట్టాక ఆర్‌పీఎం సెట్‌యూజీఐడీస్ ఆప్షన్ ప్యాకేజీలో రాసిన ప్రకారం యాజమాన్యాన్ని తిరిగి దిద్దుతుంది. అది ప్యాకేజీ జాబితాలో ఉన్నవాటికే. సర్వీసు తానుగా రాసుకున్న డేటా ఫైళ్లను మీరే చూసుకోవాలి.

రెండో సమస్య అన్నిటికన్నా చిత్రమైనది, కాస్త నిదానంగా చూద్దాం. ఆర్‌పీఎంలో అప్‌గ్రేడ్ అంటే కొత్తది ఎక్కి పాతది దిగడం. పాతదాని పోస్ట్‌అన్ చివర్లో నడుస్తుంది. ఆ స్క్రిప్టుకు వచ్చే మొదటి ఆర్గ్యుమెంట్ ఇంకా ఎన్ని కాపీలు మిగిలాయో చెబుతుంది: పూర్తిగా తీసేస్తే 0, అప్‌గ్రేడ్ అయితే 1. మీరు ఆ సంఖ్యను చూడకుండా యూజర్‌డెల్ పిలుస్తున్నారు. కొత్త ప్యాకేజీ యూజర్ ఉన్నాడని నిశ్చింతగా ఉంటుంది, తర్వాత పాతది వచ్చి వాణ్ణి తుడిచేస్తుంది.

మరి ఒక్కోసారే ఎందుకంటే, ఆ యూజర్ పేరిట ప్రాసెస్ నడుస్తుంటే యూజర్‌డెల్ ఒప్పుకోదు, ఫలానా ప్రాసెస్ వాడుతోందని చెప్పి 8 ఎగ్జిట్ కోడ్‌తో వెనక్కి తగ్గుతుంది. సర్వీసు నడుస్తున్న మెషీన్లలో ఖాతా బతికిపోయింది, ఆపి ఉంచిన మెషీన్లలో పోయింది. యూజర్‌డెల్‌కు ఆర్ ఆప్షన్ కూడా ఇచ్చి ఉంటే హోమ్ డైరెక్టరీ, అంటే మీ డేటా మొత్తం పోయేది. మీ స్క్రిప్టులో అది లేదు, అదృష్టం.

కొత్త వెర్షన్‌లో ఆ వరుస తీసేసినా తదుపరి అప్‌గ్రేడ్‌లో ఖాతా ఇంకొకసారి పోతుంది. ఎందుకంటే నడిచేది పాత ప్యాకేజీ స్క్రిప్టు, అది ఆర్‌పీఎం డేటాబేస్‌లో ఇప్పటికే దాచి ఉంది, మీ దిద్దుబాటు దాన్ని అందుకోలేదు. కాబట్టి ఈ ఒక్క విడుదలకు పోస్ట్‌ట్రాన్స్ స్క్రిప్టు కూడా కావాలి. అది ట్రాన్సాక్షన్ మొత్తం ముగిశాక, పాత పోస్ట్‌అన్ తర్వాత నడుస్తుంది. అందులో యూజర్ ఉన్నాడా చూసి, లేకపోతే మళ్లీ పుట్టించాలి. ఊరికే పుట్టిస్తే కొత్త నంబరు రావచ్చు, డేటా పాత నంబరు మీద ఉంటుంది. అందుకని ముందు స్టాట్‌తో (ఫైలు వివరాలు చూపే కమాండ్) డేటా డైరెక్టరీ యజమాని నంబరు, గ్రూపు నంబరు తీసుకుని, వాటినే గ్రూప్‌యాడ్‌కు, యూజర్‌యాడ్‌కు ఇవ్వండి. నంబరు 0 వస్తే, అంటే డైరెక్టరీ రూట్‌ది అయితే, ఇవ్వకండి. రూట్ నంబరుతో రెండో ఖాతా పుట్టించబోవడం ఎవరూ కోరుకోరు. ఆ నంబరు ఈలోగా ఇంకొకరికి వెళ్లిపోయి ఉంటే యూజర్‌యాడ్ 4 కోడ్‌తో ఆగుతుంది. అప్పుడు కొత్త నంబరు తీసుకుని ఆ డైరెక్టరీ వరకు చౌన్ చేయడమే దారి.

యూజర్‌డెల్‌తో ఇంకో చిక్కుంది. లాగిన్ డెఫ్స్‌లో (ఖాతాల కమాండ్ల సెట్టింగుల ఫైలు) యూజర్‌గ్రూప్స్ ఎనేబుల్ అయి ఉంటే, అదే పేరున్న గ్రూపులో వేరే సభ్యులు లేనప్పుడు దాన్ని కూడా తీసేస్తుంది. కాబట్టి గ్రూపును కూడా తనిఖీ చేయండి.

డెబ్ వైపు వరుస వేరు, తప్పులు కూడా వేరు. అక్కడి ఆచారం ఏమిటంటే ప్యాకేజీలోని ఫైళ్లు రూట్ పేరిటే వస్తాయి, ఖాతా పోస్ట్‌ఇన్‌స్ట్‌లో (ఫైళ్లు పడ్డాక నడిచే స్క్రిప్టు) పుడుతుంది, యాజమాన్యం అక్కడే మార్చాలి. ఖాతాకు ఈ ఒక్క వరుస చాలు:

యాడ్‌యూజర్ --సిస్టమ్ --గ్రూప్ --హోమ్ /వార్/లిబ్/పావురం --నో-క్రియేట్-హోమ్ పావురం

సిస్టమ్ ఖాతా అప్పటికే ఉంటే ఇది గొడవ చేయకుండా 0తో తిరిగొస్తుంది. కాబట్టి ముందు గెట్‌ఎంట్ అక్కర్లేదు. గ్రూప్ ఆప్షన్ మరిచిపోతే ప్రధాన గ్రూపు నోగ్రూప్ అవుతుంది, అది అందరిదీ. ఈ వరుస స్క్రిప్టులోని డెబ్‌హెల్పర్ (డెబ్ ప్యాకేజీలు కట్టే సాధనం) గుర్తు కన్నా పైన ఉండాలి. ఆ గుర్తు చోట సర్వీసును మొదలుపెట్టే ముక్క వచ్చి చేరుతుంది. కింద పెడితే మొదటి ఇన్‌స్టాల్‌లో యూజర్ లేకుండా సర్వీసు లేవబోయి పడుతుంది. సిస్టమ్‌డీ లాగ్‌లో 217, యూజర్ అని కనిపిస్తే దాదాపు ప్రతిసారీ సంగతి ఇదే. పోస్ట్‌ఇన్‌స్ట్ సెట్ -ఈతో నడుస్తుంది కాబట్టి మధ్యలో ఏది విఫలమైనా ప్యాకేజీ సగం కాన్ఫిగర్ అయిన స్థితిలో నిలుస్తుంది. కారణం సరిచేసి డీప్యాకేజ్ కాన్ఫిగర్ మళ్లీ నడిపితే పోస్ట్‌ఇన్‌స్ట్ మొదటి నుంచి మళ్లీ నడుస్తుంది. యాడ్‌యూజర్ ప్యాకేజీ మీద డిపెండెన్సీ మరవకండి. డెబియన్ విధానం ప్రకారం ఇలాంటి ఖాతాల పేర్లు అండర్‌స్కోర్‌తో మొదలవడం మేలు. మనుషుల పేర్లతో ఢీ తప్పుతుంది. పావురం అని పేరు పెట్టుకునే మనిషి ఉండకపోవచ్చు గానీ, మూడక్షరాల సర్వీసు పేర్లు చాలామందికి లాగిన్ పేర్లు.

చౌన్ విషయంలో ఒక హద్దు పెట్టుకోండి: పై డైరెక్టరీకి మాత్రమే. ప్రతి అప్‌గ్రేడ్‌లో పెద్ద ఆర్‌తో చౌన్ కొట్టే ప్యాకేజీలు చాలా ఉన్నాయి, రెండు కారణాలుగా అది తప్పు. లక్షల ఫైళ్లున్న చోట అప్‌గ్రేడ్ నిమిషాల తరబడి ఆగుతుంది. అంతకన్నా పెద్దది రెండోది: ఆ డైరెక్టరీ సర్వీసు యూజర్ చేతిలో ఉంటుంది. సర్వీసు ఎవరికైనా లొంగితే, వాడు అక్కడ /ఈటీసీ/షాడోకు (పాస్‌వర్డుల ఫైలు) హార్డ్ లింక్ (అదే ఫైలుకు రెండో పేరు) పెట్టి ఎదురుచూస్తే చాలు. తర్వాతి అప్‌గ్రేడ్‌లో రూట్ తానే వచ్చి దాన్ని వాడి పేరు మీద రాసిస్తుంది. కెర్నెల్‌లో ప్రొటెక్టెడ్ హార్డ్‌లింక్స్ సెట్టింగ్ ఉంటే ఈ దారి మూసుకుంటుంది, కానీ అది ప్రతిచోటా ఉందని మీ ప్యాకేజీ అనుకోకూడదు. డెబ్ ప్యాకేజీలను తనిఖీ చేసే లింటియన్ కూడా దీన్ని పట్టి చూపిస్తుంది. అడ్మిన్ తానుగా పర్మిషన్ మార్చుకుని డీప్యాకేజ్ స్టాట్‌ఓవర్‌రైడ్‌లో నమోదు చేసి ఉంటే దాన్ని గౌరవించండి. ఆ పాత్ జాబితాలో ఉందా చూసి, లేనప్పుడే చౌన్ చేయండి.

డేటాకు తప్ప మిగతావాటికి సర్వీసును యజమాని చేయకపోవడం ఇంకా మంచిది. కాన్ఫిగరేషన్ ఫైలు యజమాని రూట్, గ్రూపు పావురం, పర్మిషన్ 0640. సర్వీసు చదవగలదు, మార్చలేదు. డేటా డైరెక్టరీకి యజమాని, గ్రూపు రెండూ పావురమే, 0750. బైనరీలు పూర్తిగా రూట్‌వి. సర్వీసు తన కాన్ఫిగరేషన్‌ను తానే తిరగరాయగలిగితే లొంగిన రోజున అది శాశ్వతంగా లొంగుతుంది.

ఇంత స్క్రిప్టు రాయకుండా చెప్పాల్సినది చెప్పి వదిలేసే పద్ధతి సిస్‌యూజర్స్. /యూఎస్ఆర్/లిబ్/సిస్‌యూజర్స్.డి కింద ఒక కాన్ఫ్ ఫైలు, అందులో ఒక వరుస: యు, పావురం, ఒక గీత, కోట్‌లలో వివరణ, హోమ్ పాత్. యు రాస్తే అదే పేరుతో గ్రూపు కూడా పుడుతుంది. గీత అంటే నంబరు నువ్వే చూసుకో అని. షెల్ చెప్పకపోతే నోలాగిన్. జి వరుస గ్రూపుకు, ఎం వరుస యూజర్‌ను గ్రూపులో చేర్చడానికి, ఆర్ వరుస నంబర్ల శ్రేణికి. నంబరు స్థానంలో ఒక పాత్ కూడా రాయవచ్చు, అప్పుడు ఆ ఫైలు యజమాని నంబరునే తీసుకుంటుంది. పైన పోస్ట్‌ట్రాన్స్‌లో స్టాట్‌తో చేసిన పని ఇక్కడ ఒక్క మాటలో అయిపోతుంది. సిస్‌యూజర్స్ దేన్నీ తొలగించదు, ఉన్న ఖాతాను మార్చదు. కొందరికి అది లోపంగా కనిపిస్తుంది, నా దృష్టిలో అదే దాని గొప్ప గుణం. కాకపోతే ఫైలులో హోమ్ పాత్ మార్చి కొత్త వెర్షన్ విడుదల చేస్తే పాత మెషీన్లలో అది మారదు, యూజర్‌మాడ్ వేరుగా చేయాల్సిందే.

ఆర్‌పీఎం 4.19 (2023) నుంచి ఇది ఆర్‌పీఎంలోనే కలిసిపోయింది. ప్యాకేజీలో సిస్‌యూజర్స్ ఫైలు ఉంటే ఈ యూజర్‌ను, ఈ గ్రూపును నేను ఇస్తాను అన్న ప్రొవైడ్స్ తనంతట తాను రాసుకుంటుంది, ఫైళ్లు విప్పకముందే ఖాతా పుట్టిస్తుంది. ఫైళ్ల జాబితాలో ఫలానా యూజర్ పేరు వాడితే దానికి రిక్వైర్స్ కూడా తయారవుతుంది. అంటే రూట్ వాడుతున్నానన్న ఆ హెచ్చరిక బదులు, ఖాతా ఇచ్చే ప్యాకేజీ లేదన్న డిపెండెన్సీ తప్పు ముందే కనిపిస్తుంది. ఫెడోరా 42 నుంచి డిస్ట్రో మొత్తం ఈ దారికి మళ్లింది. పాత రెడ్‌హ్యాట్ వెర్షన్లకూ ప్యాకేజీ ఇవ్వాలంటే ప్రీ స్క్రిప్టు ఉంచక తప్పదు. డెబ్‌లో డీహెచ్ ఇన్‌స్టాల్‌సిస్‌యూజర్స్ అదే ఫైలును తీసుకుని పోస్ట్‌ఇన్‌స్ట్‌లో నడుపుతుంది. డైరెక్టరీకి తోడుగా టెంప్‌ఫైల్స్‌లో (డైరెక్టరీలు సృష్టించే సిస్టమ్‌డీ సాధనం) ఒక డి వరుస: పాత్, 0750, యూజర్, గ్రూపు. డైరెక్టరీ ఉన్నా యాజమాన్యాన్ని సరిచేస్తుంది, లోపలికి దిగదు. పెద్ద జెడ్ వరుస లోపలికి కూడా దిగుతుంది, చౌన్ గురించి చెప్పిన ప్రమాదమే దానికీ.

ఆర్చ్‌లో ప్యాక్‌మ్యాన్ హుక్ సిస్‌యూజర్స్‌ను ట్రాన్సాక్షన్ తర్వాత నడుపుతుంది. కాబట్టి ప్యాకేజీలోని ఫైలుకు అప్పటికప్పుడు పుట్టే యూజర్‌ను యజమానిగా పెట్టలేరు, టెంప్‌ఫైల్స్ మీదే ఆధారపడాలి. ఆల్పైన్‌లో ప్రీ ఇన్‌స్టాల్ స్క్రిప్టులో బిజీబాక్స్ యాడ్‌గ్రూప్, యాడ్‌యూజర్ పెద్ద ఎస్‌తో. డెబియన్ యాడ్‌యూజర్ ఆప్షన్లను అక్కడికి అతికిస్తే నడవవు, పేరొక్కటే కలిసింది. నిక్స్ ఓఎస్ పేరుకు ఇచ్చిన నంబరును /వార్/లిబ్/నిక్స్ఓఎస్ కింద ఒక మ్యాప్‌లో గుర్తుపెట్టుకుని, తీసేసిన పేరు తిరిగొస్తే పాత నంబరే ఇస్తుంది. నాకు అందరిలోకీ నచ్చింది జెంటూ పద్ధతి. 2019లో వచ్చిన గ్లెప్ 81 ప్రకారం ప్రతి ఖాతా, ప్రతి గ్రూపు తనకు తాను ఒక ప్యాకేజీ. సర్వీసు ప్యాకేజీ దాని మీద డిపెండెన్సీ పెట్టుకుంటుంది. రెండు సర్వీసులు ఒకే గ్రూపును పంచుకుంటే ఎవరు పుట్టించాలన్న తగాదా లేదు. ఖాతా ప్యాకేజీ తీసేసినా యూజర్‌ను తాళం వేసి ఉంచుతుంది తప్ప తుడవదు. అడ్మిన్ కావాలంటే మేక్ కాన్ఫ్‌లో నంబరు తనకిష్టమైనది పెట్టుకోవచ్చు. మీ పావురానికి ఉపప్యాకేజీలుంటే ఆర్‌పీఎంలో కూడా ఇదే చేయండి: సిస్‌యూజర్స్ ఫైలును కామన్ ఉపప్యాకేజీలో పెట్టి మిగతావి దాని మీద ఆధారపడనివ్వండి.

తీసేసేటప్పుడు ఏం చేయాలి? ఏమీ చేయకపోవడమే సరి. తప్పదనుకుంటే తాళం:

యూజర్‌మాడ్ -ఎల్ -ఈ 1 పావురం

ఎల్ పెద్దది, పాస్‌వర్డుకు తాళం. ఈ చిన్నది, గడువు తేదీని 1970 జనవరి 2 చేస్తుంది. డెబ్‌లో ఇది పోస్ట్‌ఆర్‌ఎంలో (తీసేశాక నడిచే స్క్రిప్టు) పర్జ్ దశలోనే (సెట్టింగులతో సహా తుడిచేటప్పుడు), రిమూవ్‌లో కాదు. పర్జ్ నడిచే సమయానికి ఆ కమాండ్ ఇచ్చే ప్యాకేజీ ఉంటుందన్న హామీ కూడా లేదు, కమాండ్ ఉందో లేదో చూసి పిలవండి. ఆర్‌పీఎంలో మొదటి ఆర్గ్యుమెంట్ 0 అయితేనే. తాళం వేసే ప్యాకేజీ మళ్లీ ఎక్కినప్పుడు తాళం తీయాలి కూడా. సిస్టమ్‌డీ యూనిట్‌లో యూజర్ పేరు మాత్రమే ఉంటే గడువు ముగిసిన ఖాతాతో కూడా సర్వీసు మామూలుగా లేస్తుంది. వేళకు పనులు నడిపే క్రాన్ మాత్రం పామ్ (లాగిన్ తనిఖీల వ్యవస్థ) ద్వారా ఖాతాను తనిఖీ చేసి పనిని నిరాకరిస్తుంది. సర్వీసు నడుస్తోంది, రాత్రి క్లీనప్ మాత్రం నడవడం లేదు అన్న వింత అలా పుడుతుంది.

ఇప్పుడు మీ మెషీన్లలో కలిసిపోయిన డేటాను విడదీయడం. రెండు సర్వీసులనూ ఆపండి. నంబరు ఒకటే కాబట్టి ఫైండ్‌తో నంబరు పట్టి వెతికితే రెండింటివీ కలిసి వస్తాయి, పాత్‌ను బట్టే విడదీయాలి. పావురం ఖాతా కొత్త నంబరుతో పుట్టించి, దాని డేటా, లాగ్, క్యాష్ డైరెక్టరీలకు మాత్రం చౌన్ పెద్ద ఆర్, చిన్న హెచ్‌తో చేయండి. హెచ్ ఉంటే సింబాలిక్ లింక్ చూపే ఫైలును కాకుండా లింకునే మారుస్తుంది. సర్వీసు ఆగి ఉంది, మీరు ఎదురుగా ఉన్నారు కాబట్టి ఈ ఒక్కసారికి పెద్ద ఆర్ ఫరవాలేదు. అయినా ముందు ఆ డైరెక్టరీలో లింక్ కౌంట్ 1 మించిన ఫైళ్లు ఉన్నాయా ఫైండ్‌తో చూడండి. చౌన్ చేస్తే ఎగ్జిక్యూటబుల్ ఫైళ్ల సెట్‌యూఐడీ బిట్, ఫైల్ కేపబిలిటీలు (ప్రోగ్రాముకు విడిగా ఇచ్చిన హక్కులు) పోతాయి. తక్కువ పోర్టుకు బైండ్ అయ్యే బైనరీ అక్కడుంటే సెట్‌క్యాప్ మళ్లీ కొట్టాలి. ఏసీఎల్‌లలో (అదనపు పర్మిషన్ల జాబితాలు) కూడా నంబర్లే ఉంటాయి, గెట్‌ఎఫ్ఏసీఎల్ చిన్న ఎన్‌తో చూస్తే పాతవి బయటపడతాయి. యూజర్‌మాడ్‌తో నంబరు మారిస్తే హోమ్ డైరెక్టరీలోని ఫైళ్లు మాత్రమే మారతాయని గుర్తుంచుకోండి, /వార్/లాగ్ కిందివి అలాగే ఉండిపోతాయి. అంతా అయ్యాక ప్రతి ఫైల్‌సిస్టమ్ మీద ఫైండ్ నోయూజర్, నోగ్రూప్ నడపండి. యజమాని లేని ఫైళ్లు రేపటి మూడో సమస్యకు విత్తనాలు.

మెషీన్ల మధ్య నంబర్లు వేరైతే నష్టం ఎక్కడ? ఆర్‌సింక్ రూట్‌గా నడిచేటప్పుడు పేరును బట్టి జత చేస్తుంది, టార్ కూడా. సాధారణంగా అదే కావాలి. రెస్క్యూ డిస్కు నుంచి బూట్ చేసి బ్యాకప్ విప్పేటప్పుడు మాత్రం అది ముంచుతుంది. రెస్క్యూ సిస్టమ్ పాస్‌వడ్ ఫైలులో ఉన్న పేర్ల ప్రకారం నంబర్లు పడతాయి, రీబూట్ అయ్యాక అవి వేరేవాళ్లవి. అక్కడ టార్‌కు న్యూమరిక్ ఓనర్, ఆర్‌సింక్‌కు న్యూమరిక్ ఐడీస్ ఇవ్వాలి. ఎన్ఎఫ్ఎస్ 3 నంబర్లనే పంపుతుంది, కంటెయినర్ వాల్యూములూ అంతే. ఇలాంటి చోట్ల నంబరు స్థిరంగా ఉండాలి. అలాగని దాన్ని ప్యాకేజీలో చెక్కేయకండి, ఆ నంబరు ఏదో ఒక మెషీన్‌లో ఎవరిదో అయి ఉంటుంది. ప్యాకేజీ ఎక్కకముందే కాన్ఫిగరేషన్ టూల్‌తో ఖాతాను నిర్ణీత నంబరుతో పుట్టించండి, లేదా అదే పేరున్న ఫైలును /ఈటీసీ/సిస్‌యూజర్స్.డి కింద నంబరుతో పెట్టండి, అది /యూఎస్ఆర్ కింది దాన్ని కప్పేస్తుంది. ఉన్న ఖాతాను ముట్టుకోని ప్యాకేజీ దీనికి తనంతట తానే సహకరిస్తుంది. మీ నంబర్లకు 999 లోపే ఒక ముక్క కేటాయించుకోండి. 60000 పైన ఖాళీగా కనిపిస్తుంది గానీ 61184 నుంచి 65519 వరకు సిస్టమ్‌డీ డైనమిక్ యూజర్లవి.

ఆ డైనమిక్ యూజర్ (సర్వీసు నడిచినంతసేపే ఉండే యూజర్) మాటకొస్తే, డిస్కు మీద పెద్దగా ఏమీ దాచని సర్వీసుకు అది చక్కని దారి, ఖాతాయే అక్కర్లేదు. స్టేట్ డైరెక్టరీ ఇస్తే డేటా /వార్/లిబ్/ప్రైవేట్ కిందికి వెళ్తుంది. బ్యాకప్ స్క్రిప్టులు సింబాలిక్ లింకును మాత్రమే పట్టుకుని తృప్తిపడకుండా చూసుకోండి. పావురంలా ఇతర ప్రోగ్రాములు వచ్చి చదివే డేటా ఉన్నదానికి నేను వాడను.

గ్రూపుల్లో జరిగే పొరపాటు దాదాపు ఒక్కటే. యూజర్‌మాడ్ పెద్ద జి ఒక్కటే ఇస్తే ఉన్న అదనపు గ్రూపులన్నీ పోయి ఇచ్చినవే మిగులుతాయి. చేర్చాలంటే చిన్న ఏ తోడుండాలి. చేర్చాక నడుస్తున్న ప్రాసెస్‌కు అది అందదు, సర్వీసు రీస్టార్ట్ కావాలి. /ప్రాక్ కింద ఆ ప్రాసెస్ స్టేటస్ ఫైలులో గ్రూప్స్ వరుస చూస్తే నిజం తెలుస్తుంది. ఒక్క సర్వీసుకే కావాలంటే యూనిట్ ఫైలులో సప్లిమెంటరీ గ్రూప్స్ రాయడం శుభ్రం, గ్రూప్ ఫైలును ముట్టుకోనక్కర్లేదు. డిస్క్, డాకర్ గ్రూపుల్లో చేర్చడమంటే రూట్ ఇచ్చినట్టేనని తెలిసి చేర్చండి.

ఖాతా పుట్టనే పుట్టకపోతే చూడాల్సినవి కొన్ని. పాస్‌వడ్ ఫైలుకు తాళం పడటం లేదు అంటే మధ్యలో చచ్చిన స్క్రిప్టు /ఈటీసీలో పాస్‌వడ్, గ్రూప్, షాడో, జీషాడో పేర్లతో .లాక్ ఫైళ్లు వదిలి ఉండవచ్చు. ఇంకెవరూ నడవడం లేదని తేల్చుకున్నాకే తీసేయండి. డిస్కు నిండినా, /ఈటీసీ రీడ్ ఓన్లీ అయినా ఇదే తప్పు కనిపిస్తుంది. ఎల్‌డ్యాప్ (ఖాతాలను ఒకే సర్వర్‌లో ఉంచే పద్ధతి) ఉన్న చోట గెట్‌ఎంట్ అక్కడి పేరును కూడా ఉన్నట్టే లెక్కిస్తుంది. పావురం పేరు డైరెక్టరీ సర్వర్‌లో ఉంటే స్థానిక ఖాతా పుట్టదు, నెట్‌వర్క్ లేవకముందు మీ సర్వీసు లేవబోయి 217తో పడుతుంది. గెట్‌ఎంట్‌కు ఎస్ ఆప్షన్‌తో ఫైల్స్ అని ఇస్తే స్థానికంగా ఉందో లేదో విడిగా తేలుతుంది. పీడబ్ల్యుసీకే, జీఆర్‌పీసీకే రెండూ చిన్న ఆర్‌తో నడిపితే దేన్నీ మార్చకుండా ఫైళ్ల మధ్య పొంతన చూపిస్తాయి.

విడుదలకు ముందు ఖాళీ కంటెయినర్‌లో ఈ వరుస నడపండి: మీ పాత వెర్షన్ ఎక్కించి సర్వీసు ఆపి ఉంచడం, కొత్తదానికి అప్‌గ్రేడ్, నంబరు మారలేదని చూడటం, డేటా డైరెక్టరీలో ఒక ఫైలు రాసి ప్యాకేజీ తీసేయడం, వేరే సర్వీసు ప్యాకేజీ ఒకటి ఎక్కించడం, మళ్లీ పావురం ఎక్కించి ఆ ఫైలు యజమానిని స్టాట్‌తో నంబరుగా చూడటం. ఎల్ఎస్ పేర్లతో చూడకండి.